చేను ఎండింది వైరస్‌తో కాదు, వేరుకుళ్ళుతో

ప్రశ్న: మాది చిత్తూరు జిల్లా బైరెడ్డిపల్లె మండలం. మూడెకరాల ఎర్రగరప మెట్ట. ఏటా చెనిక్కాయే (వేరుశనగే) వేస్తాం. ఈసారి జూన్ 12న మృగశిర వానకు కదిరి-6 రకం వేశాం. నెల దాకా బాగుంది. ఆ తర్వాత 28 రోజులు చినుకు లేదు. ఇప్పుడు పైరుకు 60 రోజులు. అక్కడక్కడా చెట్లు గుంపులుగా ఎండుతున్నాయి, పీకితే వేరు నల్లగా ఉంది. కాలం మారి వైరస్ వచ్చిందని మందుల అంగడాయన మూడు రకాల మందులు, ఒక టానిక్ ఇచ్చాడు. రెండుసార్లు కొట్టినా ఆగలేదు. మా నాయన కాలంలో కార్తెకు వాన తప్పేది కాదు. ఇక చెనిక్కాయ మానేసి, బోరు వేసి టమాట పెట్టుకోమంటారా?

జవాబు: ఇది వైరస్ కాదు. వైరస్ వల్ల వచ్చే మొవ్వుకుళ్ళు అయితే ముందు లేత ఆకుల మీద పసుపు వలయాలు కనిపించి, మొవ్వు ఎండి, మొక్క గిడసబారుతుంది. మీ చేనులో చెడింది వేరు. ఒక మొక్కను జాగ్రత్తగా తవ్వి తీసి, వేరు తోలును గోటితో గీకండి. పీచులు పీచులుగా ఊడి వస్తే వేరుకుళ్ళు. మొదలు దగ్గర తెల్లటి బూజు దారాలు, ఆవగింజల్లాంటి గుండ్లు ఉంటే కాండంకుళ్ళు. వేర్లు కొరికేసి ఉంటే వేరుపురుగు. ఇవేవీ లేకుండా మధ్యాహ్నం వాడి తెల్లారేసరికి లేచే మొక్కలది ఉత్త బెట్ట (వాన లేక తడి కరువు), వాటికి ఏ మందూ వద్దు.

మీరు రాసినదాన్ని బట్టి నేను అనుకుంటున్నది వేరుకుళ్ళే. ఆ శిలీంధ్రం మీ మట్టిలో ఎన్నాళ్ళ నుంచో ఉంది. నేల కాగి, తడి ఆరి, మొక్క నీరసించినప్పుడు పైకి లేస్తుంది. ఆకుల మీద కొట్టిన మందు దాని దగ్గరికి పోదు. మీరు కొట్టిన రెండుసార్లూ డబ్బు దండగే. ఎండిన మొక్కలను వేరుతో సహా పీకి కాల్చేయండి. ఆ గుంపు చుట్టూ ఉన్న మొక్కలకు మాత్రం కార్బెండజిమ్ లీటరు నీటికి 1 గ్రాము కలిపి మొదళ్ళు తడిసేలా పోయండి. కాండంకుళ్ళు అని తేలితే దాని బదులు హెక్సాకొనజోల్ లీటరుకు 2 మి.లీ. మూడెకరాలకూ పోయొద్దు. మిగతా పైరుకు బెట్ట తట్టుకోవడానికి పొటాషియం నైట్రేట్ (13-0-45) లీటరుకు 5 గ్రాములు, ఎకరాకు 200 లీటర్ల నీటితో, ఎండ తగ్గాక సాయంత్రం ఒక్కసారి కొడితే చాలు. గుంటక తోలొద్దు. 45 రోజులు దాటాక తోలితే ఊడలు (పూత నుంచి నేలలోకి దిగి కాయ పట్టే కాడలు) తెగుతాయి.

ఇక కాలం సంగతి. కాలం మారిందని మీరన్నది నిజమే, కానీ నష్టమంతా దాని నెత్తిన వేస్తే మీ చేతిలో ఉన్నది చేయకుండా పోతారు. కార్తెలు సూర్యుడి నడకను బట్టి వస్తాయి, అవి జరగవు. జరిగింది వానల మధ్య ఎడం. వేరుశనగ విత్తిన 20 నుంచి 40 రోజుల మధ్య బెట్టను బాగానే తట్టుకుంటుంది, ఆ బెట్ట పోయాక పూత ఒక్కసారిగా వస్తుంది కూడా. ఊడలు దిగే 45వ రోజు నుంచి కాయ ఊరే 90వ రోజు వరకే తడి తప్పకూడదు. జూన్ 12న విత్తారు కనుక మీ బెట్ట జూలై 10 తర్వాత, అంటే పూత, ఊడల మీదే పడింది. రాయలసీమలో జూన్, జూలై కంటే ఆగస్టు చివర, సెప్టెంబరు వానలే గట్టివి. ఆరుద్ర రెండో వారం నుంచి పునర్వసు వరకు, అంటే జూన్ చివర నుంచి జూలై 15 లోపు విత్తితే ఊడలు ఆ వానలకు దిగుతాయి. మరీ ఆలస్యం చేసినా ముప్పే. ఆగస్టులో వేసిన చేను నవంబరు ముసురులో పీకాలి, కదిరి-6 గింజకు నిద్రావస్థ లేదు కనుక కాయలోనే మొలకెత్తుతుంది. కార్తె పేరు చూసి కాదు, పార దించితే జాన లోతు తడి ఉందో లేదో చూసి విత్తండి. జూలై దాటినా పదును రాకపోతే వేరుశనగ విత్తనం ఇంట్లోనే ఉంచి కొర్ర, సజ్జ, అలసంద వేయండి. ఆగస్టు చివరయితే ఉలవ, ఎకరాకు 8–10 కిలోలు.

మందుల అంగడి సలహా గురించి గట్టిగానే చెప్పాలి. వాన రాకపోవడానికి డబ్బాలో మందు లేదు. బెట్టలో ఉన్న పైరు మీద నాలుగు కలిపి కొడితే ఆకు మాడుతుంది, పురుగును తినే మిత్రపురుగులు చస్తాయి. మందు అమ్మేవాడు చేనుకు వచ్చి వేరు పీకి చూడడు. అదే డబ్బులో చిన్న భాగం విత్తనశుద్ధికి పెట్టి ఉంటే ఈ ఉత్తరం రాసే పని ఉండేది కాదు. కిలో గింజలకు టెబుకొనజోల్ 2 డి.ఎస్. 1 గ్రాము పట్టించండి. వేరుపురుగు, తామరపురుగుల బెడద ఉంటే దానికి ముందు ఇమిడాక్లోప్రిడ్ 600 ఎఫ్.ఎస్. 2 మి.లీ. పట్టించి నీడలో ఆరనివ్వాలి. నేలకు 90 కిలోల మాగిన పశువుల ఎరువు, 10 కిలోల వేపపిండిలో 2 కిలోల ట్రైకోడెర్మా (తెగులు శిలీంధ్రాన్ని అణిచే మేలు శిలీంధ్రం) కలిపి, నీళ్ళు చిలకరిస్తూ 10–15 రోజులు గోనెపట్టాల కింద మాగబెట్టి, తడి ఉన్నప్పుడు ఎకరాకు చల్లాలి. పొడి నేలలో చల్లితే ఆ శిలీంధ్రం చచ్చిపోతుంది, చాలామంది చేసే తప్పు ఇదే.

ఏటా వేరుశనగే వేయడం ఆపండి. మూడెకరాల్లో ఒక ఎకరం రాగి పంటకు మార్చండి. పెరుమాళ్ళపల్లె పరిశోధన స్థానం ఇచ్చిన వకుళ, తిరుమల రకాలు మీ వైపుకు సరిపోతాయి. వేరుశనగలో 7 సాళ్ళకు ఒక సాలు కంది పెట్టండి, మీ పెద్దలు అనుములు, అలసందలు కలిపి చల్లింది కూడా ఇందుకే. తిరుపతి పరిశోధన స్థానం విడుదల చేసిన ధరణి వేరుశనగ రకం బెట్టను కదిరి-6 కంటే బాగా ఓర్చుకుంటుంది, ముందు ఒక ఎకరంలో వేసి చూడండి. వాలుకు అడ్డంగా దున్ని, 3.6 మీటర్లకు ఒక గొడ్డుచాలు (విత్తనం వేయకుండా వదిలే లోతు చాలు) తీస్తే పడిన వాన చేలోనే ఇంకుతుంది.

బోరు వద్దు. ఆ ఖర్చుకు చేను పల్లంలో 10 మీటర్ల పొడవు, 10 మీటర్ల వెడల్పు, 2.5 మీటర్ల లోతున పంటకుంట తవ్వండి. గట్లు వాలుగా తీస్తే సుమారు 1.45 లక్షల లీటర్లు పడుతుంది. మీ మూడెకరాల మీద 12 మి.మీ. నీరు పారితే నిండుతుంది. 20 మి.మీ. తడికి ఎకరాకు 80 వేల లీటర్లు కావాలి, అంటే ఇంకిపోయింది పోగా ఎకరంన్నరకు ఊడల దశలో ఒక తడి ఇవ్వొచ్చు. ఎర్రనేలలో నీరు నిలవదు కనుక జల్లించిన మట్టి ఆరు పాళ్ళు, సిమెంటు ఒక పాలు కలిపి రెండు అంగుళాల మందాన పూత వేయించాలి. పూత వేయకుండా కుంట తవ్వి లాభం లేదు.

అనుమానం తీరకపోతే సగం ఎండిన మొక్కలు నాలుగు, వేరుతో మట్టితో సహా తీసి తడిగోనెలో చుట్టి తిరుపతి పరిశోధన స్థానానికి తీసుకురండి. పూర్తిగా ఎండినవి తేవద్దు, వాటిలో తెగులు గుర్తు దొరకదు.