నీళ్లు తగిలిన ఎనిమిదో సెకను

తిరుపతి

చి. భారతికి, మామయ్య ఆశీస్సులు.

క్రాక్ వచ్చిన వాల్వు బాడీ థర్మల్ షాక్‌కి, అంటే వేడిగా ఉన్నప్పుడు ఒక్కసారిగా చల్లబడే దెబ్బకి, తట్టుకుంటుందా లేదా అన్న లెక్క నీ చేతికిచ్చారంట, రాత్రి మీ అమ్మ చిత్తూరు నుంచి ఫోన్ చేసి చెప్పింది. మన ఇంట్లో ఆడపిల్ల ఇంత దూరం వచ్చిందని ఛాతీ ఉప్పొంగింది. అయినా రెండు గంటలకే లేచి కూర్చున్నా.

మామూలువి నీకు తెలుసు. ఉక్కు పైతలం ఒక్కసారిగా 100 డిగ్రీలు చల్లబడితే లాగుడు ఒత్తిడి 340 మెగాపాస్కల్స్ దాకా పోవచ్చు. అది పై హద్దు. పైతలం నుంచి వేడి పోయే జోరుని లోహంలో వేడి పాకే జోరుతో పోల్చే బయో సంఖ్య చూసి తగ్గించుకో. ఆవిరి పీడనం కలుపు.

ఇక నా తప్పు విను. నాకు ముప్పై నిండని రోజుల్లో ఒక ఫ్యాక్టరీలో ఆవిరిని పంచే పెద్ద గొట్టం, స్టీమ్ హెడర్‌లో 10 మిల్లీమీటర్ల లోతు క్రాక్ దొరికింది. బాయిలర్ ట్రిప్పయి ఉన్నట్టుండి ఆగిపోతే చల్లనీళ్లు తగిలే చోటది. పైతలం మీద ఒత్తిడి మొదటి క్షణాల్లోనే ఎక్కువ కదా అని ఆ క్షణానికే లెక్క వేశా. అప్పటికి లాగుడంతా పలుచటి పై పొరలోనే ఉంటుంది. అందుకే క్రాక్ కొన దగ్గర స్ట్రెస్ ఇంటెన్సిటీ, అంటే క్రాక్‌ని తెరవజూసే తీవ్రత, చిన్నగా వచ్చింది. సంతకం పెట్టేశా.

చలి లోపలికి దిగడానికి టైం పడుతుంది పాపా. మామూలు ఉక్కు థర్మల్ డిఫ్యూజివిటీ, అంటే వేడిచలి లోపలికి పాకే జోరు, సెకనుకు సుమారు 12 చదరపు మిల్లీమీటర్లు. క్రాక్ లోతు వర్గాన్ని దాంతో భాగిస్తే దాదాపు 8 సెకన్లు. అప్పటికి పైన ఒత్తిడి తగ్గుముఖం పట్టినా లాగుడు లోతుకు దిగి క్రాక్‌ని తెరుస్తూ ఉంటుంది. పైగా కొన కూడా చల్లబడుతుంది, పాత ఉక్కు చల్లబడేకొద్దీ పెళుసవుతుంది. నేను వీటిలో ఒక్కటీ చూడలేదు.

ఒక రాత్రి బాయిలర్ ట్రిప్పయింది, నీళ్లు తగిలాయి, క్రాక్ హెడర్ గోడ అవతలికి పోయింది. పక్కనే ఉన్న హెల్పర్ పిల్లోడి కుడి చెయ్యి మోచేతి దాకా ఉడికిపోయింది. వాడికి అప్పుడు నీ వయసు. ఆస్పత్రిలో వాళ్లమ్మ నన్ను ఒక్క మాట అనలేదు, నాకు మజ్జిగ పోసిచ్చింది.

ఇప్పటికీ మీ అత్త కాలిన పెనాన్ని కుళాయి కింద పెట్టబోతే చెయ్యి పట్టుకుంటా.

అందుకే సెకను సెకనుకూ లెక్క వెయ్యి. కొన దగ్గర స్ట్రెస్ ఇంటెన్సిటీని ఆ క్షణపు ఉష్ణోగ్రతకి ఉండే టఫ్‌నెస్‌తోనే, అంటే క్రాక్ పెరక్కుండా ఉక్కు ఆపగలిగే శక్తితోనే, పోల్చు. పై ఆఫీసరు తొందరపెడితే, మామయ్య చూడాలన్నాడని చెప్పు, నన్ను తిట్టనీ. ఎండలో తిరగొద్దు, సన్నబడ్డావని మీ అమ్మ బాధపడుతోంది. ఆదివారం పొద్దున బస్సెక్కి కాగితాలన్నీ పట్టుకుని రా. మీ అత్త రాగిసంగటి చేస్తుంది, తిన్నాక ఇద్దరం కూర్చుని చూద్దాం. అంతవరకు సంతకం పెట్టకు.

మీ మామయ్య