రాజోలులో చివరి అక్షరం ఎక్కడుంది?

ప్రశ్న: అంబాజీపేటలో మా నాన్నగారికి కొబ్బరి కొట్టు ఉందండి. కాయలిచ్చే రైతుల పేర్లు, ఊళ్లు పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలో ఎక్కిస్తున్నాను. ఒకచోట రాజోలు బదులు ‘రాజోలి’ అని పడింది. మూడో అక్షరమే కదా అని ఊరు[2] = "లు" అని రాస్తే టైప్‌ఎర్రర్ వచ్చింది. ఊరు[2] ప్రింట్ చేస్తే ‘జ’ అని చూపిస్తోంది. ఎందుకలా?
– డిగ్రీ విద్యార్థిని, అంబాజీపేట

జవాబు: ఇవి రెండు వేర్వేరు చిక్కులండి. ఎర్రర్ సంగతి తేలిక. పైథాన్‌లో స్ట్రింగ్, అంటే అక్షరాల వరుస, ఒకసారి తయారయ్యాక చదువుకోవచ్చు గానీ లోపల మార్చడానికి లేదు. ఎందుకంటారా? ఊరి పేరునే కీగా, అంటే వెతుక్కునే గుర్తుగా పెట్టి, డిక్షనరీ అనే పట్టికలో లెక్క దాచారనుకోండి, ఆ పేరు మధ్యలో మారిపోతే లెక్క మళ్లీ దొరకదు. కావలసిన ముక్క తీసుకుని కొత్త స్ట్రింగ్ చేసుకోవాలి: ఊరు = ఊరు[:5] + "ు".

మరి ఆ 5 ఎక్కడిది? మన కంటికి రా, జో, లి మూడే. కంప్యూటర్లో అక్షరాలకి నంబర్లిచ్చే యూనికోడ్‌లో హల్లు వేరు, గుణింతం గుర్తు వేరు, కాబట్టి పైథాన్‌కి అవి ర, ా, జ, ో, ల, ి అని ఆరు. లెక్క సున్నా నుంచి మొదలు కనుక 2 దగ్గర ‘జ’, 5 దగ్గర గుడి ఉన్నాయి. [:5] అంటే ఆ గుడికి ముందున్న ఐదూ. ఒత్తులుంటే ఇంకా పెరుగుతుంది. కొవ్వూరుకి లెన్, అంటే పొడవు, అడిగితే 8 అంటుంది, ఎందుకంటే ‘వ్వూ’ ఒక్కదాంట్లోనే వ, పొల్లు, మళ్లీ వ, దీర్ఘం కలిపి నాలుగున్నాయి.

ఇంగ్లిష్ ఉదాహరణలతో నేర్చుకునే మన పిల్లలకి ఈ మాట చెప్పేవాళ్లు తక్కువ, అదే నా బాధ. ఎటు నుంచి చదివినా ఒకేలా ఉండే మాటని పాలిండ్రోమ్ అంటారు. క్లాసులో చేసే పాలిండ్రోమ్ ప్రోగ్రాంకి ‘వికటకవి’ ఇచ్చి చూడండి, [::-1]తో వెనక నుంచి ముందుకి తిప్పగానే చివరి గుడి ముందుకొచ్చి కూర్చుంటుంది, పాలిండ్రోమ్ కాదని జవాబొస్తుంది! కంటికి కనబడే అక్షరాలుగా విడగొట్టాలంటే, రెజెక్స్ (regex) అనే మాడ్యూల్ విడిగా ఇన్‌స్టాల్ చేసుకుని, బ్యాక్‌స్లాష్ పక్కన కేపిటల్ ఎక్స్ పెట్టి (\X) ఫైండాల్ (findall) చేస్తే వి, క, ట, క, వి అని లిస్టు వస్తుంది. లిస్టులో ఏ అక్షరాన్నైనా నేరుగా మార్చి, జాయిన్‌తో (join) మళ్లీ ఒకే మాటగా కలిపేయొచ్చు.

ఒకదాని బదులు ఇంకొకటి పెట్టే రీప్లేస్ వాడితే మాత్రం గుడి తీసి కొమ్ము పెట్టమని రాయకండి. అదే లైను ఊళ్లన్నిటి మీదా నడిపితే పి.గన్నవరం కాస్తా పు.గన్నవరం అయిపోతుంది. ‘రాజోలి’ మొత్తం ఇచ్చి ‘రాజోలు’ చేయమనండి.