ఓడెక్కిన తాతకు ఊరు వెతకడం: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: మాది పులివెందుల. దక్షిణాఫ్రికాలోని డర్బన్ నుంచి ఒక కుటుంబం మాకు ఉత్తరం రాసింది. వాళ్ళ ముత్తాత కడప జిల్లా నుంచి చెరకు తోటల పనికి ఓడెక్కి పోయాడట. ఇంటిపేరు 'రెడ్డి' అంటున్నారు. మేమూ రెడ్లమే కాబట్టి చుట్టాలమేమోనని వాళ్ళ ఆశ. ఎక్కడ మొదలుపెట్టాలి? (ఒక పాఠకురాలు)

జవాబు: 'రెడ్డి' దగ్గర మాత్రం మొదలుపెట్టకండమ్మా. ఓడ జాబితాలో మనిషి పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, తాలూకా, ఊరు, ఒంటిమీది గుర్తులు రాసేవారు. ఇంటిపేరుకు గడే లేదు. కులం గడిలోని మాటో, తండ్రి పేరో తర్వాతి తరాలకు ఇంటిపేరుగా స్థిరపడింది. అక్కడి రెడ్డి, నాయుడు చాలావరకు అలా వచ్చినవే. ఆ ఒక్క మాటతో చుట్టరికం తేలదు.

వాళ్ళను ముందు అడగవలసింది కలోనియల్ నంబరు. మద్రాసులో బయల్దేరిన 'ట్రూరో' ఓడ 1860 నవంబరు 16న డర్బన్ చేరింది. 1911లో ఈ వలస ఆగేలోగా సుమారు 1.52 లక్షల మంది నటాల్ (డర్బన్ ఉన్న అప్పటి బ్రిటిష్ వలస రాజ్యం) వెళ్ళారు. ఒక్కొక్కరికీ ఒక నంబరు ఇచ్చారు. పాత పెళ్ళి, మరణ నమోదుల్లో, పిల్లల జనన పత్రాల్లో ఆ నంబరు కనిపించే అవకాశం ఉంది. కాగితాలను ఫొటో తీసి పంపమనండి. చూసి తిరగరాసి పంపితే అక్షరాలు మారిపోతాయి. నంబరు దొరికితే అక్కడి ఓడ జాబితాల్లో ఆయన వరుస పట్టుకోవచ్చు. మారిషస్ వాళ్ళయితే మోకాలోని మహాత్మా గాంధీ సంస్థను, ఫిజీ వాళ్ళయితే సూవాలోని జాతీయ పత్రాగారాన్ని అడగాలి. ఫిజీకి మద్రాసు ఓడలు నడిచింది 1903 నుంచి. అంతకుముందే అక్కడికి పోయాడని ఇంట్లో చెప్పుకుంటుంటే ఆ సంవత్సరాన్ని మళ్ళీ సరిచూడాలి. 'ధాతు కరువులో పోయాడు' అని ఇంట్లో మాట ఉంటే అది 1876–78 మధ్య కాలం. ఇది చాలా విలువైన ఆనవాలు.

వరుస దొరికాక అసలు చిక్కు మొదలవుతుంది. కడప జిల్లా అంటే ఏ ఏటి కడప జిల్లా? కదిరి 1910 దాకా కడపలోనే ఉండేది. మదనపల్లె, వాయల్పాడు 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడేదాకా కడపవే. అనంతపురం జిల్లా 1882లో బళ్ళారి నుంచి విడిపోయింది కాబట్టి, అంతకుముందు వెళ్ళిన గుత్తి, తాడిపత్రి, పెనుకొండ మనుషుల పేరు పక్కన బళ్ళారి అని ఉంటుంది. ఆదోని, ఆలూరు 1953లో గానీ కర్నూలుకు రాలేదు. మార్కాపురం, గిద్దలూరు 1970 దాకా కర్నూలువి. అందుకని ముందు ఓడ బయల్దేరిన ఏడు చూసి, ఆనాటి తాలూకా హద్దుల్లో వెతకండి. ఈనాటి మండలాల పటం పెట్టుకుని వెతికితే దారి తప్పుతారు.

ఊరి పేరును గుమాస్తా చెవికి వినబడినట్టు రాసుకున్నాడు. సిద్ధవటం 'సిద్ధౌట్' అయింది, గుత్తి 'గూటీ' అయింది. పల్లెల పేర్లు ఇంకా వంకరపోయాయి. వాటిని పైకి చదువుతూ ఆ తాలూకా గ్రామాల జాబితాతో పోల్చండి. వయసు చాలాసార్లు అందాజుగా వేసిందే. పల్లె పేరుకు బదులు దగ్గరి పెద్ద ఊరు చెప్పినవాళ్ళున్నారు, పేరూ కులమూ మార్చి చెప్పినవాళ్ళూ ఉన్నారు.

ఊరు, తండ్రి పేరు, వెళ్ళిన కాలం మూడూ కలిస్తేనే గట్టి ఆధారం అనండి. ఇలవేల్పు, మనవళ్ళకు తిరిగి పెట్టే తాతల పేర్లు తోడు సాక్ష్యాలు మాత్రమే. రెండే కలిస్తే 'కావచ్చు' అని రాసి అక్కడ ఆగండి. సముద్రం దాటి వచ్చి, ఒక గడపను తమదనుకుని కన్నీళ్ళు పెట్టుకున్నవాళ్ళకు తర్వాత కాదని చెప్పవలసి రావడం చాలా బాధ.

ప్రశ్న: మాది అనంతపురం. ఇంటిపేరు జమ్మలమడుగు. ఆ ఊళ్ళో మావాళ్ళెవరూ లేరు. అక్కడివాళ్ళమేనా? (ఒక పాఠకుడు)

జవాబు: చాలావరకు అవును. ఊళ్ళో ఉన్నన్నాళ్ళూ ఆ ఊరి పేరుతో ఎవరినీ గుర్తుపట్టరు. వదిలి వెళ్ళాక కొత్త ఊరివాళ్ళు 'జమ్మలమడుగు వాళ్ళు' అంటారు. కాబట్టి ఇంటిపేరు చెప్పేది, అది స్థిరపడినప్పుడు మీవాళ్ళు వదిలి వచ్చిన ఊరు. ఆ తర్వాత ఎన్ని ఊళ్ళు మారారో అది చెప్పదు. కొత్తపల్లె, రామాపురం లాంటి పేర్లయితే ప్రతి తాలూకాలోనూ కనిపిస్తాయి, వాటితో ఏమీ తేలదు. ఒకే ఇంటిపేరు వేరువేరు కులాల్లో ఉంటుంది, కాబట్టి గోత్రం కూడా చూడాలి. కడపలోని బ్రౌన్ పరిశోధన కేంద్రం ప్రచురించిన మెకంజీ కైఫియత్తులు (కల్నల్ మెకంజీ సేకరింపజేసిన ఊళ్ళ చరిత్రలు) చూడండి. ఊరు ఎలా పుట్టిందో, గుళ్ళూ మాన్యాలూ ఎవరివో వాటిలో ఉంటుంది. మామూలు రైతు పేరు ఉంటుందని ఆశించకండి.

ప్రశ్న: మా పెద్దలు కోవెలకుంట్ల దగ్గర గుడి మేళానికి ఇనాం భూమి అనుభవించారట. ఏదైనా రికార్డు దొరుకుతుందా? (ఒక పాఠకుడు)

జవాబు: పట్టా రైతుల కంటే మీకే ఎక్కువ అవకాశం ఉంది. 1860ల నాటి ఇనాం ఫేర్ రిజిస్టరులో అప్పటి అనుభవదారు పేరు, వయసు, మొదట ఇనాం పొందిన వ్యక్తితో బంధుత్వం రాశారు. ఒక్కోచోట రెండు మూడు తరాలు ఒకే వరుసలో దొరుకుతాయి. భూమి సర్వే నంబరు కనుక్కుని, తహసీల్దారు కార్యాలయంలో పాత సర్వే, శిస్తు వివరాల రిజిస్టరు అయిన ఆర్‌ఎస్‌ఆర్ నకలుకు అర్జీ పెట్టండి. అందులో పట్టాదారు గడిలో టి.డి. (టైటిల్ డీడ్, అంటే ఇనాం హక్కుపత్రం) నంబరు ఉంటే, అదీ గ్రామం పేరూ రాసి కలెక్టరేటు రికార్డు గదిలో ఇనాం రిజిస్టరు నకలు అడగండి. అక్కడ లేకపోతే చెన్నై ఎగ్మూరులోని తమిళనాడు పత్రాగారంలో ప్రయత్నించండి. రీసర్వేలో నంబర్లు మారి ఉంటాయి కాబట్టి పాత, కొత్త నంబర్లు రెండూ అర్జీలో రాయాలి. ఆ భూమి ఎప్పుడైనా చేతులు మారి ఉంటే, సబ్ రిజిస్ట్రారు కార్యాలయంలో ఒకటో పుస్తకపు (స్థిరాస్తి దస్తావేజులు ఎక్కించే పుస్తకం) సూచికలను రుసుము కట్టి ఎవరైనా చూడవచ్చు. మొదటి సూచిక మనుషుల పేర్లతో, రెండోది ఆస్తి వివరాలతో ఉంటుంది. మీకు పేర్ల కంటే ఊరే గట్టిగా తెలుసు కాబట్టి రెండోదాన్ని ముందు తిరగేయండి.