బిళ్ళ కట్టడం, వాపు దిగకపోవడం: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: నా వయసు 26. నెల కిందట కాలి బొటనవేలికి గోరు పక్కన చీము పట్టింది. అది మానిపోయినా అదే వైపు గజ్జలో చిన్న బిళ్ళ చేతికి తగులుతోంది. నొప్పి లేదు. వేలికీ గజ్జకీ సంబంధం ఏమిటి? ఇది క్యాన్సర్ గడ్డ కావచ్చునా?

జవాబు: ఆ సంబంధం శోషరసం నడిచే దారిలో ఉంది. రక్తం సన్నని కేశనాళికల గుండా పోయేటప్పుడు దానిలోని ద్రవం కొంత కణజాలంలోకి ఊరుతుంది. అలా ఊరి, మళ్ళీ రక్తంలోకి నేరుగా చేరకుండా మిగిలేది రోజుకు సుమారు 3 లీటర్లని పాఠ్యపుస్తకాల పాత లెక్క. అంతకంటే ఎక్కువేనని ఇటీవలి అంచనాలు. వాహికల్లోకి చేరిన ఈ ద్రవమే శోషరసం. దీన్నీ, దీనితో పాటు బయటపడిన ప్రోటీన్లనూ, చొరబడిన సూక్ష్మజీవులనూ ఏరి తెచ్చి, శుభ్రపడిన ద్రవాన్ని మెడ మొదట్లోని పెద్ద సిరల్లో కలిపే వాహికల అల్లికే శోషరస వ్యవస్థ. దారి పొడవునా చంకల్లో, గజ్జల్లో, మెడలో, కడుపులో, ఛాతీలో కొన్ని వందల గ్రంథులు కాపలా కాస్తుంటాయి. కాలి నుంచి వచ్చే శోషరసం గజ్జలోని గ్రంథుల గుండానే పైకి పోవాలి కనుక, వేలికి చీము పడితే అక్కడి తెల్లకణాలు పెరిగి గ్రంథి ఉబ్బుతుంది. దానినే మనం బిళ్ళ కట్టిందంటాం.

పుండు మానినంత త్వరగా బిళ్ళ కరగదు. కొన్ని వారాలు పట్టవచ్చు. గజ్జల్లో సెంటీమీటరు, సెంటీమీటరున్నర బిళ్ళలు ఆరోగ్యవంతులకు కూడా తగులుతుంటాయి. వేలికొసల కింద అటూ ఇటూ కదులుతూ, మెత్తటి రబ్బరులా ఉండి, క్రమంగా చిన్నదవుతున్న బిళ్ళ గురించి కంగారు పడనక్కర్లేదు. అయితే నొప్పి లేదు కనుక మంచిదే అనుకోవడం పొరపాటు. లింఫోమా అనే శోషరస క్యాన్సర్‌లో బిళ్ళలు చాలావరకు నొప్పి లేకుండానే పెరుగుతాయి. వాటితో పాటు జ్వరం, రాత్రి పక్కబట్టలు తడిసేంత చెమట, ఆరు నెలల్లో శరీర బరువులో పదో వంతుకు మించి తగ్గడం కనిపించవచ్చు. 1832లో థామస్ హాడ్జ్‌కిన్ వర్ణించిన జబ్బు ఈ కోవలోదే, ఇప్పుడు చాలామందికి పూర్తిగా నయమవుతోంది. మెడలో బిళ్ళలు ఒకదానికొకటి అతుక్కుని గుత్తిలా తయారై, పెద్దగా వేడి, ఎరుపు లేకుండానే మెత్తబడి చీము కారుతుంటే క్షయను అనుమానించాలి. పెద్దలు గండమాల అన్నది ఎక్కువగా దీనినే. కాలర్ ఎముక పైగుంటలో బిళ్ళ తగిలితే మాత్రం, ఎంత చిన్నదైనా, వారాలు ఎదురుచూడకుండా చూపించుకోవాలి.

మీ బిళ్ళ ఇంకో రెండు మూడు వారాల్లో తగ్గకపోయినా, పెరుగుతున్నా, గట్టిపడినా వైద్యులు సూది పరీక్షో, ముక్క పరీక్షో చేయిస్తారు. ఆ పరీక్ష కాకముందే ఎవరో చెప్పారని స్టెరాయిడ్ మాత్రలు వేసుకోకండి: అవి లింఫోమా గడ్డను తాత్కాలికంగా కరిగించి అసలు జబ్బును మరుగుపరుస్తాయి. రోజుకు పదిసార్లు నొక్కి చూసుకోవడం కూడా మానండి. వారానికి ఒకసారి చాలు.

ప్రశ్న: మా అక్కకు రెండేళ్ళ కిందట రొమ్ము క్యాన్సర్ ఆపరేషన్ చేసి చంకలోని గ్రంథులు తీశారు, రేడియేషన్ ఇచ్చారు. ఆరు నెలలుగా ఆ చేయి వాస్తోంది, ఉంగరం పట్టడం లేదు. నీళ్ళ మాత్రలు వాడినా దిగలేదు. ఆ చేతిని అసలు వాడవద్దని బంధువులు అంటున్నారు. ఏం చేయాలి?

జవాబు: ముందుగా, ఈ వాపు శోషరసం నిలవడం వల్లనేనా, సిరలో రక్తం గడ్డకట్టడం వల్లనో, జబ్బు తిరగబెట్టడం వల్లనో వచ్చిందా అన్నది ఆమె వైద్యులు తేల్చాలి. శోషరసమే నిలిచిందని తేలితే నీళ్ళ మాత్రలతో ప్రయోజనం ఉండదు. అవి మూత్రం ద్వారా ఉప్పునూ నీటినీ పంపుతాయే తప్ప కణజాలంలో చిక్కుకున్న ప్రోటీన్లను కదిలించలేవు. ఆ ప్రోటీన్లు మిగిలినంత కాలం నీరు మళ్ళీ అక్కడికే చేరుతుంది, క్రమేణా చర్మం కింద నారలాంటి కణజాలమూ కొవ్వూ పేరుకుని చేయి గట్టిపడుతుంది.

రక్తానికి గుండె ఉన్నట్టు శోషరసానికి వేరే గుండె లేదు. వాహికల గోడలు తమంతట తాము ముడుచుకోవడం, చుట్టూ ఉన్న కండరాలు కదిలినప్పుడు పిండినట్టు కావడం, వెనక్కి జారకుండా లోపలి కవాటాలు అడ్డుపడటం, వీటితోనే అది పైకి సాగుతుంది. అందుచేత చేతిని కదపకుండా ఉంచడం మేలు చేయదు సరికదా, కీడే చేస్తుంది. ఈ వాపు ఉన్న స్త్రీలు పర్యవేక్షణలో కొద్దికొద్దిగా బరువులు పెంచుతూ వ్యాయామం చేస్తే వాపు పెరగలేదనీ, ఉద్ధృతమయ్యే సందర్భాలు తగ్గాయనీ 2009లో వెలువడిన ఒక పరిశోధన చూపింది.

శిక్షణ పొందిన ఫిజియోథెరపిస్టు చేసే మర్దన చూస్తే ఇదీ ఒక వైద్యమా అనిపించేంత తేలికగా ఉంటుంది. నూనె పెట్టి గట్టిగా రుద్దడం కాదు, చర్మాన్ని మాత్రమే మెల్లగా సాగదీసి వదలడం. అదీ వాచిన చేతి దగ్గర మొదలుపెట్టరు. మెడ, ఛాతీ, అవతలి చంక వైపు దారి ఖాళీ చేసి తర్వాత చేతికి వస్తారు. ఆపైన పొరలు పొరలుగా కట్టు, వాపు దిగాక కొలత ప్రకారం కుట్టిన బిగుతు తొడుగు. తొడుగు మానేస్తే కొద్ది రోజుల్లోనే వాపు తిరిగి వస్తుంది కనుక, ఇది కోర్సు పూర్తయితే ముగిసే వైద్యం కాదని ఆమెకు మొదటే చెప్పడం మంచిది. చేయి ఎర్రబడి, వేడెక్కి, జ్వరం వస్తే ఆ రోజే వైద్యుల దగ్గరకు వెళ్ళాలి.

ప్రశ్న: మా నాన్నగారికి 15 ఏళ్ళుగా బోదకాలు ఉంది. రాత్రి రక్తం తీసి చూసి పురుగులు లేవన్నారు. అయినా మూడు నాలుగు నెలలకోసారి చలిజ్వరం వచ్చి కాలు ఎర్రగా పొంగుతోంది. ఇది పిల్లలకు అంటుకుంటుందా?

జవాబు: అంటుకోదు. బోదకాలు తెచ్చే ఫైలేరియా పురుగు మనిషి నుంచి మనిషికి దోమ ద్వారానే చేరుతుంది. దోమ కడుపులో ఈ పురుగు పిల్లలు ఎదుగుతాయని పాట్రిక్ మాన్సన్ 1877లోనే గుర్తించారు. తల్లి పురుగులు శోషరస వాహికల్లో ఆరేడేళ్ళు బతికి చనిపోతాయి. అవి వాహికలకు చేసిన నష్టం మాత్రం మిగిలిపోతుంది. అందుకే మీ నాన్నగారి రక్తంలో ఏమీ కనిపించకపోయినా కాలు మామూలు కాలేదు.

ఆయనకు వస్తున్న జ్వరాలు చాలావరకు పురుగువి కావు, చర్మంలోని పగుళ్ళ గుండా దూరే బాక్టీరియావి. ఒక్కసారి ఆయన కాలివేళ్ళను విడదీసి, మంచి వెలుతురులో వాటి సందుల్లోకి చూడండి. తెల్లగా నాని, ఊడుతున్న చర్మం కనిపిస్తే జ్వరం ప్రవేశించే గుమ్మం అదే. రోజూ సబ్బుతో, మామూలు నీటితో కాలిని మడతల లోపల కూడా కడిగి, నీళ్ళు తేటగా వచ్చేదాకా పోసి, మెత్తని పొడిబట్టతో రుద్దకుండా అద్దుతూ ఆరబెట్టాలి. వేళ్ళ సందుల్లోకి బట్ట అంచును మెలిపెట్టి దూర్చితే తడి పోతుంది. అక్కడ శిలీంధ్రం ఉంటే పూతమందు రాయాలి. కూర్చున్నప్పుడు కాలు ఎత్తున పెట్టుకోవాలి. ఇంత చిన్న పనికి జ్వరాలు తగ్గుతాయా అని చాలామంది నమ్మరు; శ్రద్ధగా చేసినవారిలో తగ్గుతాయి. అయినా తరచూ వస్తుంటే పెన్సిలిన్‌ను తక్కువ మోతాదులో దీర్ఘకాలం ఇవ్వడం గురించి వైద్యులను అడగండి. జ్వరం ఉన్న రోజుల్లో కట్లు, వ్యాయామం వద్దు.

ప్రశ్న: శోషరసం నీళ్ళలా ఉంటుందని ఒకచోట, పాలలా ఉంటుందని మరోచోట చదివాను. ఏది నిజం?

జవాబు: రెండూ నిజమే. కాళ్ళూ చేతుల నుంచి వచ్చేది లేత పసుపుపచ్చని తేట ద్రవం. పేగుల నుంచి వచ్చేది, కొవ్వు ఉన్న భోజనం తర్వాత, పాలలా తెల్లగా ఉంటుంది. తిన్న కొవ్వులో అధికభాగం ఈ దారినే రక్తానికి చేరుతుంది. 1622లో ఇటలీలో గాస్పరే అసెల్లి ఒక కుక్కను కోసినప్పుడు పేగుల మీద తెల్లని దారాలు కనిపించాయి. మొదట నరాలనుకున్నారు, ఒకదాన్ని కోయగానే తెల్లని ద్రవం బయటికి వచ్చింది. ఆ కుక్క అంతకు కొంచెం ముందే తిన్నది. ఫైలేరియా వంటి జబ్బుల్లో ఈ వాహికలు మూత్రమార్గంలోకి తెరుచుకుంటే మూత్రమే పాలలా వస్తుంది. అలా కనిపించిన రోజున దాన్ని చీము అనుకుని యాంటీబయాటిక్ వాడేయకుండా, మూత్రంలో కొవ్వు ఉందేమో పరీక్ష చేయించుకోవాలి.