ఆర్బిట్రేషన్‌లోకి వస్తున్న అమ్మాయికి

అమ్మాయీ, ఆశీస్సులు.

కోర్టుకు వెళ్ళకుండా ఆర్బిట్రేటర్ అనే మధ్యవర్తి తీర్పుతో వివాదాలు తేల్చే ఈ ఆర్బిట్రేషన్ రంగంలో, ఏడాదిలో నాలుగు యువ లాయర్ల సంఘాల్లో చేరానని, ఆరు సదస్సులకు వెళ్ళానని, అయినా ఒక్క కేసూ చేతికి రాలేదని రాశావు. రాదమ్మా. వెనక వరుసలో కూర్చుని నోట్సు రాసుకునేవాళ్ళు ఎవరికీ గుర్తుండరు. నీ వయసులో నేనూ అదే చేశాను. జేబు నిండా విజిటింగ్ కార్డులుండేవి, బల్ల మీద మాత్రం ఫైలు లేదు.

సంఘాలు వద్దనను. లండన్ ఆర్బిట్రేషన్ కోర్టు ఎల్‌సీఐఏ వారి వైఐఏజీ, సింగపూర్ ఆర్బిట్రేషన్ కేంద్రం వారి వైఎస్‌ఐఏసీ, అంతర్జాతీయ ఆర్బిట్రేషన్ మండలి ఐసీసీఏ వారి యంగ్ ఐసీసీఏ, అన్నీ మంచివే. ఈ రంగంలో నలభై దాకా కుర్రవాళ్ళ కిందే లెక్క, హాంకాంగ్ వాళ్ళయితే 45 దాకా ఓపిక పడతారు. కాబట్టి కంగారేం లేదు. కానీ ఎక్కడికి వెళ్ళినా ముందు ఒకటి చూసుకో: అక్కడ నువ్వు నోరు విప్పాలా, కలం పట్టాలా, ఊరికే కూర్చుంటే చాలా? కూర్చుంటే చాలనే చోటికి ఏడాదికోసారి వెళ్తే సరిపోతుంది. యంగ్ ఐసీసీఏ మెంటరింగ్‌కు మాత్రం తప్పకుండా దరఖాస్తు పెట్టు.

వియన్నాలో జరిగే నమూనా ఆర్బిట్రేషన్ పోటీ విస్ మూట్ లా విద్యార్థులదే అనుకుని వదిలేయకు. వాదనలు వినడానికి, మెమోలకు, అంటే వాళ్ళు రాసి పంపే వాదనలకు, మార్కులు వేయడానికి వాళ్ళకు ఏటా మనలాంటివాళ్ళు కావాలి. ఖర్చులు మనవే. ప్రయాణం భారమైతే ఇంట్లో కూర్చుని మెమోలు చూడొచ్చు. వెళ్ళగలిగితే మాత్రం వెళ్ళు. ప్యానెల్‌లో ముగ్గురుంటారు. అదే వాదన విని, పాత తీర్పుల మీద నడిచే కామన్ లా దేశం నుంచి వచ్చినవాడు ‘ఏ తీర్పులో ఉంది?’ అంటాడు, రాసిన చట్టం మీద నడిచే సివిల్ లా దేశం నుంచి వచ్చినావిడ ‘ఏ సెక్షన్‌లో ఉంది?’ అంటుంది. రేపు నీ కేసు వినే ఆర్బిట్రేటర్ల బృందంలో, అంటే ట్రిబ్యునల్‌లో, కూర్చునేది అలాంటివాళ్ళే.

వీటన్నిటికంటే ట్రిబ్యునల్ సెక్రటరీ పని, అంటే ఆర్బిట్రేటర్లకు సాయంగా ఉండే పని, దొరికితే వదలకు. పేరు రాదు, డబ్బూ అంతంతమాత్రం. పారిస్‌లోని అంతర్జాతీయ వాణిజ్య మండలి ఐసీసీ నడిపే కేసుల్లో సెక్రటరీ పారితోషికం ఆర్బిట్రేటర్లు తమ ఫీజులోంచే ఇచ్చుకోవాలి. వివాదంలో ఉన్న పార్టీల్లో ఎవరు అభ్యంతరం చెప్పినా నియామకం ఉండదు. తీర్పు చెప్పడం నీ పని కాదు. కానీ ఇరుపక్షాల వాదనలనూ బల్లకు అవతలి నుంచి చూసే వీలు అక్కడే దొరుకుతుంది. నా మొదటి కేసు నిర్మాణ ఒప్పందం మీద వివాదం. నేపథ్యం రాయమంటే ‘కాంట్రాక్టర్ ఆలస్యం చేశాడు’ అని రాశాను. ట్రిబ్యునల్ అధ్యక్షుడు పెన్సిల్‌తో కొట్టేసి, ‘ఆలస్యం చేశాడని యజమాని వాదన’ అని దిద్దాడు. ఏమీ అనలేదు. ఆ రాత్రి ముప్పై పేజీలూ మళ్ళీ రాశాను. అలాంటి వాక్యాలు ఇంకా పదకొండు దొరికాయి. ఏ కోర్సూ నాకు అంత నేర్పలేదు.

కోర్సులంటే గుర్తొచ్చింది. ఆర్బిట్రేటర్ల సంస్థ సీఐఆర్బ్ ఇచ్చే ఫెలోషిప్‌ను పేరు వెనక అక్షరాల కోసం చేయకు, అందులో అవార్డు, అంటే ఆర్బిట్రేటర్ తీర్పు, రాసే పరీక్ష ఉంది కాబట్టి చెయ్యి. డబ్బు కూడాకే చేరు.

ఆర్బిట్రేటర్‌గా తొలి నియామకం చిన్న కేసులోనే వస్తుంది. ఐసీసీ 2017లో త్వరిత విచారణ పద్ధతి తెచ్చింది. దానికి వచ్చే వివాదాల విలువ పరిమితిని, 2021 నుంచి కుదిరే ఒప్పందాలకు, 30 లక్షల డాలర్లకు పెంచింది. మామూలుగా ఒక్కరే ఆర్బిట్రేటర్, కేసు ఎలా నడపాలో తేల్చే మొదటి సమావేశం నుంచి ఆరు నెలల్లో అవార్డు ఇవ్వాలి. అలాంటిచోట కొత్త పేర్లకు వీలుంటుంది. చాలాసార్లు పేరు సూచించేది మీ దేశపు ఐసీసీ నేషనల్ కమిటీ. పారిస్‌లో నువ్వు ఎవరికి తెలుసన్నది తర్వాత, ముందు ఆ కమిటీకి నువ్వెవరో తెలియాలి. వాళ్ళ కార్యక్రమంలో కుర్చీలు సర్దే పనైనా ఒప్పుకో.

ఇప్పుడు చేస్తున్న ఏదో ఒక ఫైలు తీసుకుని, పార్టీల పేర్లు, గుర్తుపట్టే వివరాలన్నీ తీసేసి, జరిగినదాన్ని తేదీల వరసలో రెండు పేజీలు రాసి పంపు. మీ సీనియర్‌ను ముందు అడుగు. నా దగ్గరా ఒక పెన్సిల్ ఉంది.

ఇట్లు,
మీ నాన్న స్నేహితుడు