జవాబు: అమ్మాయి విక్కా పూజల గురించి

అక్కా, కాకినాడలో చదువుకుంటున్న మీ అమ్మాయి పౌర్ణమికి కొవ్వొత్తులు వెలిగించి విక్కా పూజ చేస్తోందని, అమలాపురంలో బంధువులు దాన్ని చిల్లంగి, అంటే చేతబడి, అంటున్నారని రాశారు. భయపడకండి. బ్రిటన్‌లో మంత్రవిద్యపై ఉన్న చట్టం 1951లో రద్దయ్యాక జెరాల్డ్ గార్డ్‌నర్ అనే ఆయన ప్రచారంలోకి తెచ్చిన మతం విక్కా. ప్రకృతిని కొలవడం, ఎవరికీ హాని చేయకపోవడం అందులో ముఖ్యం.

నన్ను కలవరపెడుతున్నది ఆ పుకారు. చిల్లంగి పేరు మోపి మనుషులను కొట్టి చంపిన ఊళ్లున్నాయి, ముందు బంధువుల నోళ్లు మూయించండి. అమ్మాయి పుస్తకాలు లాక్కోకండి, పక్కన కూర్చోబెట్టుకుని ఏమి చదువుతోందో చెప్పమనండి. టారో కార్డులతో జోస్యం చూస్తాం, దోషం తీస్తాం అంటూ ఫోనులో డబ్బు గుంజేవాళ్లు ఎవరైనా తగిలారేమో మాత్రం తప్పకుండా కనుక్కోండి. దోమతెర దగ్గర కొవ్వొత్తి పెట్టవద్దని కూడా చెప్పండి.