పిల్లల దాహాన్ని ఎండల మీదికి నెట్టెయ్యకండి

"మా తొమ్మిదేళ్ల బాబుకి ఒకటే దాహం, నెలలో మూడు కిలోలు తగ్గాడు, స్వీట్లు ఎక్కువ పెట్టినందుకు షుగర్ వచ్చిందా?" అని అడిగారు. మిగతాది తర్వాత చదువుదురు గాని, ముందు ఈ రోజే వేలి చుక్కతో షుగర్ చూపించండమ్మా. పరగడుపు దాకా ఆగక్కర్లేదు. ఈ లక్షణాలుండి, ఏ వేళలో చూసినా 200 దాటిందంటే షుగరే.

మాది గాజువాక. మా పాపకి అప్పుడు ఏడేళ్లు, మే నెల. వైజాగ్ ఉక్కపోత మీకు తెలిసిందేగా, చెంబులకి చెంబులు తాగుతుంటే ఎండలకే అనుకున్నాం. ఎప్పుడో పక్క తడపడం మానేసిన పిల్ల మళ్లీ మొదలెట్టింది. అత్తగారు దిష్టి తీశారు. అన్నం మామూలుకంటే ఎక్కువే తినేది, అయినా గౌన్లు భుజాల మీంచి జారిపోయేవి. వాంతులు, కడుపునొప్పి వస్తే దగ్గర్లో ఒక క్లినిక్‌లో అజీర్తి అని మందిచ్చి పంపేశారు. ఆ రాత్రే ఎగశ్వాస, నోట్లోంచి మగ్గిన పండు వాసన. ఆసుపత్రిలో మీటర్ మీద అంకె కూడా పడలేదు, 'హై' అని వచ్చింది. ఇన్సులిన్ లేక ఒళ్లు కొవ్వును కరిగించుకుంటుంటే కీటోన్లు పేరుకుని రక్తం ఆమ్లంగా మారిపోయిందన్నారు. ఐసీయూలో మూడు రోజులు ఉన్నాం.

స్వీట్ల వల్ల కాదమ్మా, ఆ బాధ మనసులో పెట్టుకోకండి. పిల్లలకి ఎక్కువగా వచ్చేది టైప్ 1 షుగర్. ఇందులో ఒంటిని కాపాడాల్సిన రోగనిరోధక శక్తే క్లోమంలో (పాంక్రియాస్‌లో) ఇన్సులిన్ తయారుచేసే బీటా కణాల్ని చంపేస్తుంది. కొన్ని జన్యువులుంటే ముప్పు ఎక్కువ, కొన్ని వైరస్‌లు దాన్ని రగిలిస్తాయని అనుమానం. అన్నకో అక్కకో ఉంటే తోబుట్టువుల్లో నూటికి అయిదారుగురికి రావచ్చు. కానీ ఈ జబ్బు వచ్చిన పిల్లల్లో ఎక్కువమంది ఇళ్లలో అంతకుముందు ఎవరికీ ఉండదు. మా ఇంట్లోనూ లేదు. మా మామగారిది పెద్దవాళ్లకి ఎక్కువగా వచ్చే టైప్ 2, అది వేరే.

టైప్ 1 అని తేలితే ఇన్సులిన్ తప్పదు. 1922లో తొలిసారి మనిషికి ఇచ్చేదాకా ఈ పిల్లలు బతికేవాళ్లే కాదు. మొదలెట్టిన కొన్నాళ్లకి చాలామంది పిల్లల్లో డోసు కొంతకాలం బాగా తగ్గుతుంది. మిగిలున్న కణాలు కాస్త తేరుకుంటాయి, అంతే. అప్పుడే మా చుట్టాలు "నయమైపోయింది, పసరు మందు వేస్తే సూది మానెయ్యొచ్చు" అన్నారు. నేను ఒప్పుకోలేదు. మీరూ ఒప్పుకోవద్దు.

ఈలోగా బాబుకి వాంతులైనా, ఊపిరి వేగంగా, బరువుగా తీస్తున్నా, మత్తుగా ఉన్నా తెల్లారేదాకా ఆగకండి. అర్ధరాత్రైనా పెద్దాసుపత్రి క్యాజువాలిటీకి తీసుకెళ్లి, షుగర్‌తో పాటు కీటోన్లు కూడా చూడమని మీరే అడగండి.